ఆరేళ్లప్పుడు తగిలిన దెబ్బ పదిహేడేళ్లకు బయటపడిన కేసు

ఈ కేసు రాయడానికి అబ్బాయి, వాళ్ల అమ్మానాన్న ఒప్పుకున్నారు. గుర్తుపట్టగల వివరాలు మార్చాను. పేరు అక్కర్లేదు, అబ్బాయి అనే అంటాను.

ఎలా వచ్చాడు

నా దగ్గరికి వచ్చేటప్పటికి 17 ఏళ్లు. కుడి చెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. కాలర్ బోన్ విరిగి మూడు వారాలైంది. ఏడాదిలో బండి మీద నుంచి పడటం అది మూడోసారి. మూడుసార్లూ హెల్మెట్ లేదు, లైసెన్స్ అసలే లేదు, చివరిసారి తాగి ఉన్నాడు. ఎముకల డాక్టరుగారు కట్టు కట్టి, "ఇది ఎముకల సమస్య కాదు, సైకాలజిస్టుకి చూపించండి" అని పంపించారు.

వాళ్ల నాన్న కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టారు. నాన్న కార్డుతో ఆన్‌లైన్ బెట్టింగ్ ఆడాడు. రాత్రిళ్లు రేసులకు పోతాడు. "నీ వల్ల కాదులే" అని ఎవడో అన్నాడని వాటర్ ట్యాంక్ అంచున ఒంటికాలి మీద నిలబడ్డాడు, ఆ వీడియో కాలేజీ అంతా తిరిగింది. లెక్చరర్ మొహం మీదే ఆవిడ రూపం గురించి ఏదో అనేసి సస్పెండ్ అయ్యాడు. చివరికి ఆయన అడిగింది ఇది: "మా పెద్దమ్మాయి, వీడు ఒకే ఇంట్లో పెరిగారు మేడమ్. ఇద్దరినీ ఒకేలా పెంచాం. ఆ పిల్ల బంగారం. వీడు ఎందుకిలా అయ్యాడు?"

అమ్మ ఏమీ మాట్లాడలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

ఆ రోజే నాకు ఒక సంగతి వింతగా అనిపించింది. బెట్టింగ్ ఆడాక అబ్బాయి కార్డుని టేబుల్ మీదే వదిలేశాడు. మెసేజ్‌లు డిలీట్ చేయలేదు. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేదు, రెండో ప్రశ్నకే ఒప్పేసుకున్నాడు. తప్పుదారి పట్టిన పిల్లల్లో మామూలుగా ఒక లెక్క ఉంటుంది: ఎలా దాచాలి, ఎవరి మీదకు తోయాలి, దొరికితే ఏం చెప్పాలి. వీడి దగ్గర ఆ లెక్కే లేదు. అది నోట్స్‌లో రాసుకున్నాను. రాసుకుని ముందుకు వెళ్లిపోయాను.

నేను చేసిన పొరపాటు

మా ఫారంలో "తలకు గాయాలు, ఫిట్స్, ఆపరేషన్లు" అని ఒక గడి ఉంటుంది. అమ్మ "లేవు" అని టిక్ పెట్టింది. నేను నమ్మాను. కండక్ట్ సమస్య (అంటే పదేపదే నియమాలు మీరే ప్రవర్తన), చెడు స్నేహాలు, మద్యం, ఇంట్లో అతి కట్టడి: నా మొదటి అంచనా ఇంతే. పుస్తకంలో ఉన్నట్టే కుదిరింది కాబట్టి అనుమానం రాలేదు.

ఐదు సెషన్లు కౌన్సెలింగ్ చేశాను. నాలుగో సెషన్‌లో, రేసులకు వెళ్తే వచ్చే నష్టాలు రాయమన్నాను. 11 రాశాడు. ఇన్సూరెన్స్ రాదనే పాయింటు కూడా ఉంది, అది నాకే తట్టలేదు. ఆ కాగితం చూసి నేను సంతోషించాను, వాళ్ల నాన్న ఇంకా సంతోషించారు. అదే రాత్రి ఒంటిగంటకు, విరిగిన ఎముక పూర్తిగా అతుక్కోకముందే, స్నేహితుడి బండి వెనక కూర్చుని రేసుకు వెళ్లాడు.

ఎందుకు వెళ్లావని అడిగాను. "వెళ్లకూడదని తెలుసు మేడమ్. వాళ్లు కింద హారన్ కొట్టారు. వెళ్లాక గుర్తొచ్చింది."

దీన్ని సాకుగా రాసుకున్నాను. ఇప్పుడా నోట్స్ చూస్తే, ఆ "వెళ్లాక గుర్తొచ్చింది" అన్న ముక్కలోనే రోగ నిర్ధారణ మొత్తం ఉంది.

వాసన

ఆరో సెషన్ మధ్యలో నా గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ కాలడం మొదలైంది. పొగ కనపడలేదు కానీ ప్లాస్టిక్ కమురు వాసన గుప్పుమంది. నేను గబుక్కున లేచి స్విచ్ ఆపాను. బయట కూర్చున్న అమ్మ కూడా తలుపు తోసుకుని వచ్చింది. అబ్బాయి మాత్రం కూర్చున్నచోటే కూర్చుని, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ "ఏమైంది?" అన్నాడు. రెగ్యులేటర్ వాడి కుర్చీకి రెండు అడుగుల దూరంలో ఉంది.

"వీడికి వాసన తెలీదు మేడమ్" అంది అమ్మ మామూలుగా. పక్కనే గిన్నె మాడి బొగ్గైనా తెలీదట, విప్పిన చొక్కానే మళ్లీ వేసుకుంటాడట. "చిన్నప్పటి నుంచీ అంతే."

"చిన్నప్పటి నుంచి అంటే పుట్టినప్పటి నుంచా?"

చాలాసేపు జవాబు రాలేదు. తర్వాత అబ్బాయిని బయటికి పంపమంది. ఆరేళ్లప్పుడు డాబా పిట్టగోడ మీద నుంచి పడ్డాడు. లోపల ఫోన్ మోగితే ఆమె తీయడానికి వెళ్లింది, ఒక్క నిమిషం. అరగంటకు పైగా స్పృహ లేదు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ ఫోన్ సంగతి 11 ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. భర్తకు కూడా.

"మరి ఫారంలో లేవని ఎందుకు పెట్టారమ్మా?"

"నయమైపోయింది కదా మేడమ్. నయమైంది కూడా రాయాలా?"

అప్పటి నుంచి మా ఫారం మార్చాను. "తల గాయాలు" అన్న గడి తీసేసి, ఎప్పుడైనా ఎత్తు నుంచి పడ్డాడా, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిందా, వాంతులయ్యాయా, ఆసుపత్రిలో ఉంచారా, బండి ప్రమాదం జరిగిందా, ఆటలో తల గుద్దుకుందా అని విడివిడిగా నోటితో అడుగుతున్నాను. ఒక్కో వయసు గురించి విడిగా అడుగుతాను: బడికి పోకముందు, బడిలో, ఆ తర్వాత. ఇలా అడిగితే "లేవు" అన్నవాళ్లలోనూ కొందరు "ఆ, ఒకసారి..." అంటారు.

మర్నాడు వాసన పరీక్ష చేశాను. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒకేలాంటి చిన్న సీసాల్లో కాఫీ పొడి, సబ్బు ముక్క, లవంగం వేసి, కళ్లు మూయించి, ఒక్కో ముక్కు రంధ్రం దగ్గర పెట్టాలి. మూడూ ఒకటే అన్నాడు, అంటే ఏమీ లేదన్నాడు. చివర్లో అమ్మోనియా పెడితే తల వెనక్కి లాక్కున్నాడు. అది ముఖ్యం. అమ్మోనియా ఘాటుని పట్టేది వాసన నరం కాదు, మొహానికి స్పర్శనిచ్చే నరం. వాసన తెలియనట్టు నటించేవాళ్లు తరచు అమ్మోనియా దగ్గర కూడా ఏమీ లేదంటారు. వీడు నటించడం లేదు.

వాసనకీ బండి రేసులకీ ఏమిటి సంబంధం? వాసన తీగలు ముక్కు పైనున్న జల్లెడలాంటి ఎముకలోంచి పైకి వెళ్తాయి. ఆ ఎముకకి సరిగ్గా పైనే మెదడు ముందుభాగపు అడుగు, అంటే ఆర్బిటోఫ్రంటల్ ప్రాంతం, ఆనుకుని ఉంటుంది. అక్కడ పుర్రె లోపలి నేల నున్నగా ఉండదు, గరుకుగా గట్లుగా ఉంటుంది. తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు ఆ గట్లకు రాసుకుని కమిలిపోతుంది, సన్నటి వాసన తీగలు తెగుతాయి. రెండూ ప్రతిసారీ కలిసే దెబ్బతింటాయని కాదు. కానీ తల దెబ్బ తర్వాత వాసన పోయిందంటే, దాని పై అంతస్తు ఎలా ఉందో చూడకుండా వదలకూడదు.

పాత కాగితాలు, కొత్త పరీక్షలు

ప్లాస్టిక్ కవర్లో దాచిన డిశ్చార్జ్ కాగితం దొరికింది. చేర్చినప్పుడు, స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ 11. ఈ స్కేల్ 1974 నుంచి వాడుకలో ఉంది. 3 నుంచి 15 వరకు ఉంటుంది, 9 నుంచి 12 మధ్య వస్తే మధ్యరకం గాయం కింద లెక్క. సీటీలో కుడి ఫ్రంటల్ కంట్యూషన్, అంటే మెదడు ముందుభాగంలో కమిలిన గాయం, ఎడమవైపు చిన్నది. ఆపరేషన్ అవసరం పడలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, అంకెలు చెబుతున్నాడు. రెండుసార్లు చూపించారు, ఆ తర్వాత ఎవరూ రమ్మనలేదు, వీళ్లూ వెళ్లలేదు.

న్యూరాలజిస్టు కొత్తగా ఎమ్మారై తీయించారు. రెండువైపులా ఆర్బిటోఫ్రంటల్ ప్రాంతంలో పాత మచ్చలు, కుడివైపు ఎక్కువ. రక్తపు జాడలు చూపించే ఎస్‌డబ్ల్యూఐ సీక్వెన్స్‌లో అక్కడక్కడా నల్ల చుక్కలు. మెదడు విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ బాగానే ఉంది. అది కూడా చూడాల్సిందే, ఎందుకంటే తల గాయం తర్వాత వచ్చే ఫిట్స్ కొన్నిసార్లు వింత ప్రవర్తనలాగే కనిపిస్తాయి.

నా వైపు పరీక్షల్లో ఐక్యూ 108. జ్ఞాపకశక్తి మామూలు. స్ట్రూప్‌లో, అంటే రాసిన రంగు పేరు కాకుండా సిరా రంగు చెప్పాల్సిన పరీక్షలో, బాగా వెనకబడ్డాడు. రోజువారీ పనుల్లో తనను తాను ఎంత అదుపు చేసుకోగలడో చూసే, అమ్మానాన్నలు నింపిన బ్రీఫ్ అనే ప్రశ్నావళిలో 74 వచ్చింది. స్కోరు ఎంత పెరిగితే ఇబ్బంది అంత ఎక్కువ. 65 దాటితే పట్టించుకోవాలి. చెప్పుకోవాల్సింది మాత్రం పేకముక్కల పరీక్ష గురించి.

1994లో అమెరికాలోని అయోవాలో బెషారా, డమాసియో అనే పరిశోధకుల బృందం తయారుచేసిన పరీక్ష ఇది. నాలుగు కట్టలు, మొత్తం 100 సార్లు ముక్క తీయాలి. రెండు కట్టల్లో ప్రతి ముక్కకీ 100 వస్తుంది, కానీ మధ్య మధ్యలో పెద్ద దెబ్బ తగులుతుంది. పది ముక్కలు తీస్తే చివరికి 250 నష్టం. మిగతా రెండిట్లో 50 మాత్రమే వస్తుంది, దెబ్బలు చిన్నవి. పది ముక్కలకి 250 లాభం. చాలామంది యాభై ముక్కల లోపే మెల్లగా మంచి కట్టల వైపు జరుగుతారు.

అబ్బాయి 60వ ముక్క దగ్గర నాకే పాఠం చెప్పాడు: "ఈ రెండూ మోసం మేడమ్. ముందు ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకుంటాయి. అటువైపువే తీయాలి." చెబుతూ చెబుతూనే చెయ్యి మోసం కట్ట మీదకు వెళ్లింది. ముక్క తిప్పాడు, పెద్ద నష్టం. "చూశారా, చెప్పానా" అన్నాడు. తర్వాతి ముక్క కూడా అదే కట్టలోంచి తీశాడు.

ఒక జాగ్రత్త. ఈ వయసు పిల్లలు ఏ గాయం లేకపోయినా ఈ పరీక్షలో పెద్దల కంటే తక్కువే తెచ్చుకుంటారు. కాబట్టి స్కోరు ఒక్కటీ పట్టుకుని ఏమీ చెప్పను. నేను చూసింది స్కోరు కాదు, ఆ నోటికీ చేతికీ మధ్య ఉన్న దూరం. వీళ్లతో ఇంకో చిక్కుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా ఒకే మనిషి, ఒకే పని ఉంటే చాలా పరీక్షలు దర్జాగా పాసైపోతారు. హారన్ కొట్టేవాళ్లు నా గదిలో ఉండరు కదా.

మరి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది

వాళ్ల నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఆరేళ్ల పిల్లాడికి ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, రోడ్డు ఎప్పుడు దాటాలో పెద్దవాళ్లే చెబుతారు. ఆ వయసులో ఏ పిల్లాడికైనా ఫ్రంటల్ లోబ్ పని సగం అమ్మానాన్నలే చేస్తారు. వాడి సొంతది పనిలోకి దిగాల్సిన రోజు వచ్చేసరికి, అంటే బండి, డబ్బు, స్నేహితులు, మద్యం అన్నీ ఒక్కసారి చేతికి వచ్చేసరికి, అక్కడ మచ్చ ఉంది. మెదడులో ఆఖరున ముదిరేది ఈ ముందుభాగమే, ఇరవై ఐదు ఏళ్ల దాకా పడుతుంది. ఆఖరున కట్టే గది పునాది ముందే బీటలు వారితే, ఆ గదిలోకి దిగేదాకా ఎవరికీ తెలియదు.

"చిన్నపిల్లల మెదడు మెత్తనిది, త్వరగా సర్దుకుంటుంది" అనే మాట మార్గరెట్ కెన్నార్డ్ అనే శాస్త్రవేత్త 1930లలో కోతుల మీద చేసిన పనితో బలపడింది. చెయ్యి కాలు కదలిక విషయంలో అందులో కొంత నిజముంది. ఆలోచన, ప్రవర్తన దగ్గరికి వచ్చేసరికి అది నిలబడలేదు. అందరూ ఫినియాస్ గేజ్ కథ చెబుతారు, 1848లో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినవాడు. నేను తల్లిదండ్రులకు ఆ కథ చెప్పను. గేజ్‌కి అప్పటికి 25 ఏళ్లు. లోకం తీరు అన్నీ నేర్చుకున్నాక దెబ్బ తగిలింది. 1999లో ఆండర్సన్, డమాసియో బృందం రాసిన ఇద్దరి సంగతి మాకు ఎక్కువ పనికొస్తుంది. వాళ్లకి 16 నెలలు నిండకముందే ఈ ప్రాంతం దెబ్బతింది. పెద్దయ్యాక దెబ్బ తగిలినవాళ్లు మంచీ చెడ్డా అడిగితే సరిగ్గానే చెబుతారు. వీళ్లిద్దరికీ ఆ తర్కమే సరిగా ఎదగలేదు. మా అబ్బాయి ఈ రెండిటికీ మధ్యలో ఉన్నాడు. నియమం తెలుసు. సమయానికి రాదు.

అన్నీ గాయం నెత్తిన వేయడం నాకిష్టం లేదు. దూకుడుగా ఉండే పిల్లలే ఎక్కువగా కింద పడతారు కాబట్టి ఏది ముందో చెప్పడం కష్టం. "ఇద్దరినీ ఒకేలా పెంచాం" అన్న నాన్న మాట మీద స్వీడన్‌లో నిజంగానే పరిశోధన జరిగింది. 1973 నుంచి 1985 మధ్య పుట్టిన దాదాపు 11 లక్షల మందిని చూసి, 25 ఏళ్లలోపు తల గాయమైనవాళ్లని గాయంలేని సొంత అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములతో పోల్చారు, 2016లో అచ్చయింది. చదువు ఆగిపోవడం, మానసిక వైద్యం అవసరమవడం, తొందరగా చనిపోవడం వంటివి గాయమైనవాళ్లలో ఎక్కువ. తోబుట్టువులతో పోల్చినప్పుడు ఆ తేడా తగ్గింది, కానీ పోలేదు. అంటే కొంత ఇల్లు, కొంత రక్తం, కొంత గాయం. మళ్లీ మళ్లీ గాయమైతే ఇంకా చెడ్డదని కూడా అందులో తేలింది. మూడుసార్లు బండి మీద నుంచి పడ్డ కుర్రాడి విషయంలో నన్ను భయపెట్టిన వాక్యం అది.

ఈ అబ్బాయి పడకముందు మామూలు పిల్లాడే అని మేనత్త, పాత టీచరు ఇద్దరూ విడివిడిగా చెప్పారు. అందుకే నా అంచనా గాయం వైపు కాస్త ఎక్కువ మొగ్గింది.

ఇంట్లో చెప్పడం

ఎమ్మారై ఫిల్మ్ లైటు మీద పెట్టి మచ్చ చూపించాను. నాన్న దగ్గరగా వచ్చి, కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. "అంటే వాడి తప్పేం లేదంటారా?"

"తప్పు ఉంది, సర్దుకోవాల్సిందీ వాడే. కానీ మీరు తిట్టేది వాడికి తెలిసిన విషయమే. తెలియక చేయట్లేదు. బ్రేకు ఆలస్యంగా పడుతోంది, అంతే. ఎంత తిట్టినా బ్రేకు ముందుకు రాదు."

అమ్మ ఫోన్ సంగతి అక్కడే, ఆ గదిలోనే చెప్పేసింది. నేను చెప్పమనలేదు. నాన్న కొంచెంసేపు గోడ వైపు చూసి, "పిట్టగోడ ఎత్తు చాలదని నేనే ఆరోజు పొద్దున అనుకున్నాను" అన్నారు. ఆ సెషన్‌లో ఇంకేమీ చేయలేదు.

ఏర్పాట్లు

లోపలి బ్రేకు లేటైతే బయట బ్రేకులు పెట్టాలి. ఇందులో తెలివైనదేమీ లేదు, అన్నీ మోటు పనులే. బండి తాళం రాత్రి ఎనిమిది తర్వాత అక్క దగ్గర. నాన్న దగ్గర కాదు, నాన్న దగ్గర పెడితే రోజూ యుద్ధం. అకౌంట్‌లో వారానికి సరిపడా డబ్బే, దాటితే ఇద్దరికీ మెసేజ్. బెట్టింగ్ యాప్‌లు బ్లాక్. స్నేహితుల్లో ఇద్దరిని పిలిచి మాట్లాడాను; గుంపుగా కాకుండా ఇద్దరిద్దరుగా కలవమన్నాను. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో ఒక కారు నడిపే కంప్యూటర్ ఆటతో చూపించారు, ఈడువాళ్లు పక్కనుంటే టీనేజి పిల్లలు సాహసాలు బాగా పెంచేస్తారని. గాయంలేని పిల్లలకే అలా ఉంటే వీడి సంగతి చెప్పేదేముంది.

సాధన నా గదిలో కాదు, వాళ్ల మేడమెట్ల మీద చేశాం. అక్క కింద హారన్ కొడుతుంది. అబ్బాయి లేస్తాడు. రెయిలింగ్ పట్టుకోవాలి, "నీళ్లు తాగి వస్తా" అని అరవాలి, వంటగదిలోకి వెళ్లి నిజంగానే గ్లాసుడు నీళ్లు తాగాలి. అంతే. మొదటి రోజు 20 సార్లు చేశాం. పన్నెండోసారికి వాడికి నవ్వొచ్చింది, అక్కకి చిరాకొచ్చింది. ఆ నీళ్ల గ్లాసు ఇచ్చే అర నిమిషంలోనే "వెళ్లాక" గుర్తొచ్చేది "వెళ్లకముందు" గుర్తొస్తుంది.

శిక్షలు చిన్నవి, వెంటనే. నెల తర్వాత వచ్చే పెద్ద శిక్ష వీడి చేతికి అందదు. సైకియాట్రిస్టు శ్రద్ధ కుదిర్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టారు, గుండె, బీపీ చూసుకుంటూ. శ్రద్ధ కొంచెం కుదిరింది. తల గాయం పిల్లల్లో ఈ మందుకున్న ఆధారాలు చిన్న చిన్న అధ్యయనాలవే కాబట్టి పెద్ద ఆశలు పెట్టలేదు. మద్యం గురించి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాం: దెబ్బతిన్న మెదడుకి కొంచెం తాగినా ఎక్కువే, ఫిట్స్ ప్రమాదం కూడా.

పనిచేయనివీ ఉన్నాయి. ఫోన్‌లో పెట్టిన అలారాలు వారంలోనే చూడకుండా నొక్కేయడం అలవాటైంది. గుర్తుచేయడానికి జేబులో పెట్టిన కార్డులు లాండ్రీలో పోయాయి. ఐదో నెలలో స్నేహితుడి దగ్గర అప్పు చేసి, ఆ స్నేహితుడి ఫోన్‌లోనే బెట్టింగ్ ఆడాడు. నాన్న చెయ్యి చేసుకున్నారు. రెండు వారాలు ఎవరూ రాలేదు. మళ్లీ మొదటినుంచి కాకపోయినా, మూడో మెట్టు నుంచి మొదలుపెట్టాం.

14 నెలలకు

చాలా నెలలుగా బండి మీద నుంచి పడలేదు. రెండుసార్లు తాగాడు, రెండుసార్లూ బండి తీయలేదు, ఒకసారి తాళం లేక, ఒకసారి తనంతట తను. బ్రీఫ్ స్కోరు 66. గీత దాటే ఉంది. కాలేజీకి లేఖ రాశాం. పరీక్షల్లో విడి గది ఇచ్చారు. లెక్చరర్‌కి క్షమాపణ చెప్పాడు, చెబుతూ చెబుతూ ఇంకో మాట అనబోయి ఆగాడని ఆవిడే ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది.

వాసన రాలేదు, ఇక రాదు. వంటింట్లో గ్యాస్ అలారం పెట్టించాం. అది బిగించిన రోజు అబ్బాయి నాతో అన్నాడు: "దీనికి ఎవరికీ కోపం రాలేదు మేడమ్. ముక్కు పనిచేయట్లేదంటే అలారం కొన్నారు. బండి తాళం దగ్గరే నాన్నకి ఇంకా కోపం."

ఇప్పుడు కొత్త చిక్కు. అక్కకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్లిపోతుంది. అబ్బాయికి 18 దాటింది, లైసెన్స్‌కి అప్లై చేస్తానంటున్నాడు. ఆపే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. తాళం ఇక తన దగ్గరే పెట్టుకుంటానని ఒకరోజు, అమ్మకి ఇస్తానని ఇంకోరోజు అంటాడు. వచ్చే సెషన్‌కి నలుగురినీ రమ్మన్నాను.